పాత లోకాల పుస్తకాలు ఎలా చదవాలంటే

చి. బుజ్జికి ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. ప్రాచీన ప్రపంచమంతా ఒకే పుస్తకంలో ఉందని ముచ్చటపడి తెచ్చుకున్నావు, 90వ పేజీలో పాత ఇరాక్‌లోని సుమేరు రాజుల పేర్ల మధ్య ఇరుక్కుపోయావు. మొదట్లో నాకూ అదే జరిగింది. అలాంటి లావుపాటి పుస్తకం నిఘంటువు లాంటిది. అవసరం పడ్డప్పుడు తీసి చూసుకుంటాం గానీ మొదటి పేజీ నుంచి ఎవరూ చదవరు. ప్రస్తుతానికి దాన్ని పక్కన పెట్టు.

ఒక్క ఊరితో మొదలుపెట్టు. ఏ ఊరు అంటావా, నన్నడిగితే కనేష్. ఇప్పటి తుర్కియేలో కుల్‌తెపె అనే దిబ్బ కింద ఉన్న ఊరది. అక్కడ 20,000కు పైగా మట్టి పలకలు దొరికాయి. ఇంచుమించు 3,900 ఏళ్ల కిందట, ఇప్పటి ఇరాక్‌లో ఉన్న అషూర్ నగరం నుంచి గాడిదల మీద తగరం, బట్టలు వేసుకొచ్చి అమ్ముకున్న వర్తకుల ఉత్తరాలు, అప్పుపత్రాలు, లెక్కలు అవి. ఉత్తరం మట్టిదే, దాని కవరూ మట్టిదే. అషూర్‌లో ఉండిపోయిన భార్యలు బట్టలు నేసి, నేయించి కనేష్‌లో ఉన్న మొగుళ్లకు పంపేవాళ్లు. పంపిన బట్టకు వంకలు పెడుతున్నావనీ, డబ్బు ఇంకా చేరలేదనీ ఆ ఉత్తరాల నిండా తగాదాలే. ఆ ఉత్తరాలనే అనువదించి ఇచ్చిన పుస్తకం ఏదైనా సంపాదించు. అది చదివాక రాజుల జాబితా దగ్గరికి వెళ్తే, ఆ పేర్ల వెనక సంతలూ సుంకాలూ కనబడతాయి. అప్పుడు నిద్ర రాదు.

ఇక అసలు సంగతి. ఇలాంటి పుస్తకాల్లో ప్రతి పెద్ద మాట దగ్గరా ఆగి, "ఇది వీళ్లకెలా తెలిసింది?" అని అడగడం అలవాటు చేసుకో. నాకు ఆ అలవాటు పరువు పోయాక వచ్చింది.

కుర్రతనంలో ఒక పాత పుస్తకంలో మొహెంజొదారో వీధుల్లో దొరికిన అస్థిపంజరాల గురించి చదివాను. దండెత్తి వచ్చిన ఆర్యులు ఊరివాళ్లను ఊచకోత కోశారని అందులో రాశారు. ఆ కథ 1947లో పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ గట్టిగా చెప్పింది. చెప్పిన తీరు ఎంత బాగుందంటే, నేను కనబడినవాళ్లందరికీ వినిపించేవాణ్ణి. కొన్నేళ్ల తర్వాత నలుగురిలో ఒకాయన మెల్లగా అడిగాడు: "ఆ ఎముకలన్నీ ఒకే రోజువని ఎవరు చెప్పారండీ?" నా దగ్గర జవాబు లేదు. వెతికితే తెలిసింది, 1964లోనే జార్జ్ డేల్స్ అనే ఇంకో పురావస్తు శాస్త్రవేత్త ఆ వాదాన్ని విప్పి చూపించాడని. ఆ ఎముకలన్నీ ఒకే మట్టిపొరలోవి, అంటే ఒకే కాలానివి, కావు. తర్వాత ఎముకలను పరీక్షించినవాళ్లకు ఊచకోతకు తగ్గ గాయాలూ కనబడలేదు. పదేళ్లకు పైగా నేను ఊరంతా చాటిన యుద్ధం అసలు జరిగిన దాఖలానే లేదు.

అందుకని పుస్తకం చేతికి రాగానే అది ఏ సంవత్సరంలో రాసిందో చూడు. అచ్చు వేసిన సంవత్సరం కాదు, రాసిన సంవత్సరం. పాత పుస్తకానికి కొత్త అట్ట వేసి మళ్లీ అచ్చు వేయడం మామూలే. మనిషి పుట్టుక గురించిన పుస్తకాలకైతే ఇది మరీ ముఖ్యం, అవి పాలలాగా తొందరగా విరిగిపోతాయి. 2017కు ముందు రాసినదాంట్లో మన జాతి వయసు మహా అయితే రెండు లక్షల ఏళ్లని ఉంటుంది. ఆ ఏడాది మొరాకోలోని జెబెల్ ఇర్హూద్ ఎముకలు సుమారు మూడు లక్షల ఏళ్లవని తేల్చారు. 2010కి ముందు పుస్తకాల్లో చాలావాటిలో నియాండర్తల్‌లకూ (అంతరించిపోయిన పాత మానవజాతి) మనకూ చుట్టరికం కలవలేదనే ఉంటుంది. ఆ ఏడాది వాళ్ల జన్యువులు చదివాక, ఆఫ్రికా బయటి జనాల జన్యువుల్లో కొద్ది శాతం వాళ్లవేనని బయటపడింది. అలాగని పాత పుస్తకాలు పారేయకు. అప్పటివాళ్లు ఏమనుకున్నారో తెలుసుకోవడానికి అవే కావాలి.

తేదీల దగ్గర ఒక చిన్న చిక్కుంది. కొన్ని పుస్తకాలు క్రీస్తుపూర్వం అని లెక్క కడతాయి, కొన్ని "ఇన్నేళ్ల కిందట" అంటాయి. పాత వస్తువులో మిగిలిన కార్బన్‌ను కొలిచి వయసు కట్టే రేడియోకార్బన్ లెక్కల్లో "నేటికి ముందు" అంటే 1950కి ముందు అని. ఒకదాన్ని ఇంకొకటి అనుకుంటే దాదాపు రెండు వేల ఏళ్లు తేడా కొడుతుంది. ఇంకోటి, రేడియోకార్బన్ ఒకప్పుడు ప్రాణమున్న వాటికే పనికొస్తుంది. బొగ్గు, ఎముక, గింజ లాంటివి. అదీ 50,000 ఏళ్ల దాకానే. రాయికి పనికిరాదు. ఈ గోడ ఇన్ని వేల ఏళ్లదని రాస్తే, ఆ గోడలోనో దాని పక్కనో ఏం దొరికిందని వెతుక్కోవాలి.

తుర్కియేలోనే ఉన్న గోబెక్లి తెపె సంగతే చూడు. 1995లో తవ్వకాలు మొదలయ్యాయి. సుమారు 11,000 ఏళ్ల నాటి చెక్కిన రాతి స్తంభాలు, అంటే వ్యవసాయం ఇంకా సరిగా కుదురుకోని కాలం. ఇక్కడ ఎవరూ కాపురం ఉండలేదు, పూజలకు మాత్రమే వచ్చేవాళ్లని చాలాకాలం రాశారు. తర్వాతి తవ్వకాల్లో ఇళ్ల లాంటి కట్టడాలు బయటపడ్డాయి. నిన్నటి సంచలన పుస్తకం ఇవాళ సవరణ అడుగుతోంది.

చదివేటప్పుడు పెన్సిల్ దగ్గర పెట్టుకుని "బహుశా", "కావచ్చు", "అనుకుంటున్నారు" అన్న మాటల కింద గీత గీయి. పుస్తకం మొత్తం మీద అలాంటి గీత ఒక్కటీ పడలేదంటే నాకు అనుమానం. ముఖ్యంగా సింధు లిపి చదివేశామని చెప్పే పుస్తకాలు. ఆ రాతలు చాలావరకు నాలుగైదు గుర్తులకు మించవు. పక్కనే తెలిసిన భాషలో అదే సంగతి రాసిన శిల, ఈజిప్టుకు రోసెట్టా శిలలాంటిది, దొరకలేదు. రోసెట్టా శిల 1799లో దొరికితే, ఫ్రెంచి పండితుడు చాంపోలియన్ ఈజిప్టు రాత చదివే దారి కనుక్కునేసరికి 1822 అయింది. అంతటి ఆసరా ఉన్నా 23 ఏళ్లు.

పిరమిడ్లు ఎవరో పైలోకం వాళ్లు కట్టారనే పుస్తకం మీ స్నేహితురాలు ఇచ్చిందన్నావు. చదువు, నష్టం లేదు. కానీ దాని పక్కన మెరెర్ రాసుకున్న పద్దు గురించి కూడా చదువు. 2013లో ఎర్రసముద్రం ఒడ్డున వాది అల్-జర్ఫ్‌లో దొరికిన పపైరస్‌లవి, అంటే ఈజిప్టువాళ్ల రెల్లు కాగితాలు. గీజాలో పెద్ద పిరమిడ్ కట్టించిన ఖుఫు రాజు కాలంలో తన మనుషులతో తురా క్వారీ నుంచి గీజాకు పడవల్లో సున్నపురాయి తోలిన అధికారి అతను. ఏ రోజు ఎక్కడ రాయి ఎత్తారో, ఏ రాత్రి ఎక్కడ ఆగారో రాసుకున్నాడు. రెండూ చదివాక నీకేమనిపించిందో నాకు రాయి. మీ స్నేహితురాలికి ఏమనిపించిందో కూడా.

నా మొహెంజొదారో పుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది. మార్జిన్లలో నేను రాసుకున్న "ఆహా", "అద్భుతం"లు అలాగే ఉన్నాయి. సిగ్గేసినా చెరపలేదు. వచ్చినప్పుడు చూపిస్తాను.

పెదనాన్న