సొంతిల్లు వచ్చింది, మనసు మాత్రం పెద్దమ్మ వాకిట్లోనే ఉంది

ప్రశ్న: నా వయసు 41. పదిహేనేళ్లు హైదరాబాద్ బస్తీలో ఒక్క గదిలో అద్దెకున్నాం. రెండేళ్ల కిందట నగర శివారు కొల్లూరులో ప్రభుత్వ డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు వచ్చింది. తొమ్మిదో అంతస్తు. కానీ ఎప్పుడూ ఎండాకాలం సెలవులకు వెళ్లిన పెద్దమ్మ వాళ్ల ఊరి ఇల్లే గుర్తొస్తోంది. పెద్దమ్మ పోయాక అన్నయ్య దాన్ని కూలగొట్టి స్లాబు వేశాడు. అప్పటి నుంచి అతనితో మాటల్లేవు. "సొంతిల్లు వచ్చాక ఈ ఏడుపేంటి" అంటారు మావారు. దేవుడిచ్చినదాన్ని కాలదన్నుకుంటున్నానా?

జవాబు: లేదమ్మా. అద్దెకున్నన్నాళ్లూ నెలాఖరు టెన్షన్, నీళ్ల టెన్షన్, ఓనరు ఎప్పుడు ఖాళీ చేయమంటాడోనన్న భయం. వెనక్కి చూసుకునే తీరిక ఎక్కడిది? ఇప్పుడు కాస్త కుదురుకున్నారు. ఇల్లంటే మీకు మొదట తెలిసిన ఇల్లు గుర్తొచ్చింది.

మీ పూర్తి ఉత్తరంలో ఆ ఇంటి గదుల గురించి ఒక్క వాక్యమే ఉంది. బస్సు దిగి వచ్చేసరికి పెద్దమ్మ నీళ్ల చెంబుతో గల్మ (గడప) దగ్గర నిలబడటం, కాళ్లు కడుక్కోగానే కొంగుతో మొహం తుడవడం, జాజు (ఎర్రమన్ను) పూసిన అరుగు ఆరకముందే కూర్చుని మీరు తిట్లు తినడం... ఇవి పేజీ నిండా ఉన్నాయి. మీకోసం ఒక మనిషి ఎదురుచూసిన ఇల్లది.

ఇంకొకటి. మీ కాలనీలో 15,660 ఇళ్లున్నాయి. లాటరీలో ఎవరికి ఎక్కడ వస్తే అక్కడికి వెళ్లారు. బస్తీలో కూరగిన్నె ఇచ్చిపుచ్చుకున్నవాళ్లు తలోదిక్కయ్యారు. పెద్దమ్మ మీద బెంగలో ఆ బెంగ కూడా కలిసిందని నాకనిపిస్తోంది. సాయంత్రం తలుపు తీసి, కారిడార్‌లో చాప వేసుకుని, చిక్కుడుకాయలు అక్కడే వలవండి. ఎవరో ఒకరు ఆగి "ఏం కూర?" అనడానికి వారం పట్టవచ్చు. పట్టనివ్వండి. మీ గడపకూ జాజు పూయండి.

మీరు ఏడ్చినప్పుడల్లా మీవారికి తనను తప్పుపట్టినట్టు వినిపిస్తోందేమో. "ఇల్లు నచ్చక కాదు, పెద్దమ్మ గుర్తొస్తోంది" అని విడమరిచి చెప్పండి. ఆయన చిన్నప్పటి ఇంటి సంగతీ అడగండి.

అన్నయ్య విషయంలో మాత్రం మీరు తొందరపడ్డారు. గూనపెంకుల ఇంటికి ఏటా వానలకు ముందు కప్పు సర్దించాలి. కోతులు ఎక్కితే పెంకులు పగులుతాయి. ఆ పని తెలిసినవాళ్లు దొరకడం కష్టమైపోయింది. మీరు సెలవులకు వెళ్లి వచ్చేవారు. ఆయన అమ్మ లేని ఆ ఇంట్లో కురిసే చోటల్లా గిన్నెలు పెట్టుకుంటూ ఉండి ఉంటాడు.

నిద్ర పట్టక, తిండి సయించక రెండు వారాలు దాటితే డాక్టరును కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేసినా తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం.

ఈ ఆదివారం అన్నయ్యకు ఫోన్ చేయండి. ఇల్లు ఎందుకు కూల్చావని అడగకండి. పెద్దమ్మ పసుపు రాసిన ఆ పాత దర్వాజ ఏమైందో అడగండి.