అవర్స్, థెయిర్స్ తికమక: మెర్జ్ గైడ్‌లో ఏం మార్చాలి

గిట్ (కోడ్ మార్పుల చరిత్రను దాచే సాధనం) గైడ్‌లో 'కాన్‌ఫ్లిక్ట్ వస్తే అవర్స్ ఎంచుకోండి' అని, అంటే ఒకేచోట రెండు వైపులా మార్పులు ఢీకొంటే 'మనది' ఉంచుకోమని రాసినా కొందరు సొంత కోడే పోగొట్టుకుంటున్నారన్నారు కదండీ. తప్పు వాళ్లది కాదు, ఆ వాక్యానిదే. మెర్జ్‌లో, అంటే రెండు బ్రాంచ్‌లను (కోడ్ శాఖలను) కలిపేటప్పుడు, అవర్స్ అంటే మీరున్న బ్రాంచ్. రీబేస్‌లో గిట్ ముందు మెయిన్ (ప్రధాన బ్రాంచ్) మీదికి వెళ్లి, మీ కమిట్లను (నమోదు చేసిన మార్పులను) ఒక్కొక్కటిగా దానిపై పేరుస్తుంది. కాబట్టి అక్కడ అవర్స్ అంటే మెయిన్, థెయిర్స్ ('అవతలివాళ్లది') అంటే మీ కోడ్. మెర్జ్‌కూ రీబేస్‌కూ విడివిడి పేజీలు పెట్టి, ఉదాహరణల్లో అసలు బ్రాంచ్ పేర్లే రాయండి.

'గిట్ మెర్జ్' కమాండ్‌కు ఇచ్చే ఆప్షన్లలో '-ఎక్స్ అవర్స్' కాన్‌ఫ్లిక్ట్ ఉన్నచోటే మన వైపు తీసుకుంటుంది. '-ఎస్ అవర్స్' అయితే అవతలి మార్పులన్నీ వదిలేసి, మెర్జ్ అయిపోయినట్టు హిస్టరీలో రాసేస్తుంది! రెండోదాన్ని కొత్తవాళ్ల గైడ్‌లోంచి తీసేయండి.

గిట్ సెట్టింగుల్లో, కాన్‌ఫ్లిక్ట్‌ను ఫైల్‌లో ఎలా చూపాలో చెప్పే 'మెర్జ్.కాన్‌ఫ్లిక్ట్‌స్టైల్' విలువ 'జెడ్‌డిఫ్3' పెట్టించండి, గిట్ 2.35 నుంచి ఉంది. రెండు వైపుల మధ్య, 7 నిలువు గీతల కింద, మార్పులకు ముందున్న కోడ్ కూడా కనిపిస్తుంది. ఎవరు ఏం మార్చారో ఊహించే పని ఉండదు.

మెర్జ్‌కు ముందు, కమిట్ చేయని మార్పులు చూపే 'గిట్ స్టేటస్' తప్పనిసరి. కమిట్ చేయని మార్పులతో మొదలుపెడితే, మెర్జ్‌ను మధ్యలో రద్దు చేసే 'గిట్ మెర్జ్ --అబార్ట్' వాటిని వెనక్కి తేలేకపోవచ్చు. కాన్‌ఫ్లిక్ట్ సరిచేసిన ఫైళ్లను 'గిట్ యాడ్'తో కమిట్‌కు సిద్ధం చేశాక 'గిట్ డిఫ్ --క్యాష్డ్ --చెక్' కొడితే, మిగిలిపోయిన కాన్‌ఫ్లిక్ట్ గుర్తులు లైన్ నంబరుతో సహా బయటపడతాయి.