ఆ టేబుల్ వద్దు

చిట్టితల్లీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు హాస్పిటల్ ఉద్యోగం మానేసి సొంతంగా సైకియాట్రీ క్లినిక్ పెడుతున్నావట. ఈ మాట నువ్వే చెప్పి ఉండాల్సింది, సరే, ఆ తగువు తర్వాత పెట్టుకుందాం. వినగానే నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ తిరిగాయి. తర్వాత తెల్లవారుజాము దాకా నిద్ర పట్టలేదు. "టేబుల్ ఎంత బాగుందో తెలుసా అక్కా, ముందంతా చెక్కతో మూసేసి, దర్జాగా ఉంది" అంది మీ అమ్మ. నిద్ర పోగొట్టింది ఆ టేబులే.

మిగతావాటికి నాకు పెద్ద బెంగ లేదు. మందుల చీటీ చదవగలిగేలా రాయి. డిప్రెషన్ అని తేల్చే ముందు థైరాయిడ్ చూడు. యాంటీడిప్రెసెంట్ రాసే ముందు, నిద్ర లేకపోయినా హుషారు తగ్గని రోజులు ఎప్పుడైనా ఉన్నాయా అని పేషెంటునీ, పక్కనున్నవాళ్లనీ అడుగు. పిల్లలు పుట్టే వయసు ఆడవాళ్లకు వాల్‌ప్రోయేట్ జోలికి పోకు, కడుపులో బిడ్డకి హాని. ఇవన్నీ నీకు తెలుసు. నాకూ అన్నీ తెలుసు ఆ రోజుల్లో. తెలిసి కూడా చేసిన తప్పు ఒకటుంది, నీకెప్పుడూ చెప్పలేదు.

ప్రాక్టీసు పెట్టిన రెండో ఏడు. ఇరవై రెండేళ్ల కుర్రాడిని వాళ్లమ్మ తీసుకొచ్చింది. ఎవరో తిడుతున్నట్టు గొంతులు వినిపిస్తున్నాయి, చుట్టుపక్కలవాళ్లంతా తనమీద కుట్ర చేస్తున్నారు. ఇలాంటి గొంతులకీ, అనుమానాలకీ ఇచ్చే యాంటీసైకోటిక్ మందు హాలోపెరిడాల్ 5 మిల్లీగ్రాములు మొదలుపెట్టాను. రెండో వారానికి గొంతులు సగం తగ్గాయి. నేను లోలోపల పొంగిపోతూ ఉన్నాను. వాడేమో కుర్చీలో ముందుకు జరిగాడు, వెనక్కి జరిగాడు, లేచి తలుపు దాకా వెళ్లి వచ్చాడు. "లోపలేదో పీకుతున్నట్టుంది మేడమ్, ఒకచోట ఉండలేకపోతున్నా" అన్నాడు. రోగం ఇంకా లొంగలేదనుకుని 10 చేశాను. తర్వాతిసారి, రాత్రంతా ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడని తల్లి చెప్పింది. 15 చేశాను. చీటీ మీద 'ఆందోళన పెరిగింది' అని రాసి కింద గీత కూడా గీశాను.

నాలుగోసారి వచ్చినప్పుడు వాడు నెమ్మదిగా అన్నాడు: "దీనికంటే చావడం నయం." డిప్రెషన్ కూడా తోడైందనుకుని ఇంకో మందు రాయబోయాను. ముందు బీపీ చూద్దామని లేచి టేబుల్ చుట్టూ తిరిగి అటువైపు వెళ్లాను. అప్పుడు కనిపించాయి వాడి కాళ్లు. మడమ లేస్తోంది, పడుతోంది. ఒక పాదం ఇంకో పాదాన్ని రుద్దుతోంది. వాళ్లమ్మ అరచేతిని వాడి మోకాలి మీద గట్టిగా అదిమి పెట్టుకుని కూర్చుంది. ఎన్ని రోజులుగా అలా పట్టుకుంటోందో, ఆ చెయ్యి అక్కడ అలవాటుగా ఉంది. నా టేబుల్ ముందు చెక్క అడ్డం ఉండటంతో ఇటు కూర్చున్న నాకు వాడి ఛాతీ నుంచి పైకే కనిపించేది.

"ఇదెప్పటి నుంచమ్మా?" అన్నాను.

"మందు మొదలెట్టిన నాలుగో రోజు నుంచి. అంతకుముందు భయపడేవాడు గానీ ఇలా కాళ్లాడించేవాడు కాదు. రెండోసారి వచ్చినప్పుడే చెప్పాను కదమ్మా."

కాగితాలు తిరగేశాను. ఆ మాట ఎక్కడా లేదు. ఆవిడ చెప్పింది, నేను రాసుకోలేదు. గొంతులు తగ్గాయన్న సంబరంలో ఉన్నాను కదా.

అకథీసియా. 1901లో హాస్కోవెట్స్ పెట్టిన పేరు, ఒకచోట కూర్చోలేకపోవడమని అర్థం. యాంటీసైకోటిక్ మందులు పుట్టకముందే పేరు పుట్టింది. పరీక్షలో దాని మీద పేజీన్నర రాశాను. ఎదురుగా మనిషి కూర్చోలేకపోతుంటే మాత్రం దానికి కారణమైన మందునే మూడింతలు చేశాను. టేబుల్ మీదకి తప్పు నెడుతున్నానని నవ్వకు. వాడు లేచి తిరగడం కళ్లారా చూశాను. రోగమే అనుకోవాలని ముందే నిర్ణయించుకున్నాను, అందుకే అలా కనిపించింది.

డోసు తగ్గించాను. ఆస్తమా లేదని అడిగి తెలుసుకుని ప్రొప్రనలాల్ ఇచ్చాను. కొద్దిరోజుల్లో కుదుటపడ్డాడు. కానీ రెండు నెలల తర్వాత రావడం మానేశాడు. ఎనిమిది నెలలకి మళ్లీ తీసుకొచ్చారు. చిక్కిపోయాడు, గొంతులు మళ్లీ మొదలయ్యాయి. కూర్చోకుండానే వాడు అడిగిన మొదటి మాట, "ఆ మందు ఇవ్వరుగా?"

మందు మానేశాడని వాడిని తప్పు పట్టలేకపోయాను. మొదటి రోజు నేను రెండు నిమిషాలు కేటాయించి ఉంటే సరిపోయేది. ఇప్పుడు అందరికీ చెప్పే మాట నీకూ చెబుతున్నా: "ఈ మందుతో కొందరికి కాళ్లు నిలవవు, లోపల కుదురుండదు. అలా అయితే రోగం ముదిరిందని భయపడకండి, అది మందు వల్ల. మీ అంతట మీరు మానెయ్యకుండా నాకు ఫోన్ చెయ్యండి." చెప్పి ఊరుకోకు. "ఏం చెప్పానో ఒకసారి చెప్పండి" అని వాళ్ల నోటితో చెప్పించు. తల ఊపారంటే అర్థమైందని కాదు. నువ్వు త్వరగా వదిలిపెడితే చాలనుకుని ఊపుతారు.

యాంటీడిప్రెసెంట్లతోనూ ఈ కుదురులేనితనం రావచ్చు. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్‌తో కూడా వస్తుంది, అది మన చీటీలో ఉండదు, వేరే డాక్టర్ రాసి ఉంటారు. అడగాలి. పాతికేళ్లలోపు వాళ్లకి యాంటీడిప్రెసెంట్ మొదలుపెడితే నెలకి కాదు, వారానికే రమ్మను. ఈ మందులతో చిన్నవయసువాళ్లకి చావు ఆలోచనలు పెరగొచ్చన్న హెచ్చరికను అమెరికాలో 2004లో పిల్లలకి పెట్టి, 2007లో 24 ఏళ్ల దాకా పొడిగించారు. మొదటి వారంలో వచ్చేది వికారం, మేలు కనిపించడానికి రెండు నుంచి ఆరు వారాలు. ఈ వరస చెప్పకపోతే ఐదో రోజున ఆపేస్తారు.

చావు మాట సూటిగా అడుగు. "పిచ్చి ఆలోచనలు ఏమైనా..." అని నసిగితే వాళ్లూ నసుగుతారు. అడిగితే లేని ఆలోచన పుడుతుందని మీ అమ్మలాంటివాళ్లు అంటారు, పుట్టదు. ఉందని చెబితే, ఎప్పటి నుంచి, ఎలా అనుకున్నారు, ఇంట్లో ఏం అందుబాటులో ఉన్నాయి అనేదాకా వెళ్లు. అప్పుడు 'దీనికంటే చావడం నయం' అంటే, ఆ 'ఇది' ఏమిటో కూడా అడుగు. నేను అడగలేదు.

బైపోలార్‌కి లిథియం వాడేవాళ్లకి విరేచనాలు పట్టుకున్నా, మోకాళ్ల నొప్పికని ఐబుప్రోఫెన్ మింగినా రక్తంలో దాని లెవెల్ ఎక్కిపోతుంది. చేతులు బాగా వణికి, మాట తడబడితే మర్నాటి దాకా ఆగకూడదని ఇంట్లోవాళ్లకి చెప్పు. పరీక్షకి రక్తం చివరి డోసు వేసుకున్న 12 గంటలకి తీయాలి. సగం లాబుల్లో ఆ సంగతి అడగరు, అడిగేది నువ్వే.

ఇక తిట్లు. మొన్న పెళ్లిలో చూశాను, కళ్ల కింద ఆ నలుపేమిటి? పేషెంటుకి నిద్ర గురించి అరగంట చెబుతావు. రోజుకి ఇంతమందే అని గీత గీసుకో. మొదటిసారి వచ్చినవాళ్లకి నలభై నిమిషాలు తగ్గనివ్వకు. ఏదైనా కేసు తేలకపోతే రాత్రి పన్నెండైనా నాకు ఫోన్ చెయ్యి. వయసైపోయాక ఎలాగూ నిద్ర పట్టదు, అదో కాలక్షేపం నాకు.

నీకు గుర్తుండదు. నాలుగేళ్లప్పుడు సాయంత్రాలు నా దగ్గరే ఉండేదానివి. వెయిటింగ్ హాల్లో బెంచీల కింద దూరి, వచ్చినవాళ్ల చెప్పులు లెక్కపెట్టేదానివి. ఒకరోజు పరిగెత్తుకొచ్చి నా చెవిలో, "పెద్దమ్మా, ఆ తాత కాళ్లు ఆగట్లేదు" అన్నావు. అప్పటికే నా టేబుల్ మార్చేశాను, అయినా ఆ రోజు నాకంటే ముందు నువ్వే చూశావు.

ఆ టేబుల్ ఇంకా పాలిష్‌లోనే ఉందట, మీ అమ్మని అడిగాను. అడ్వాన్స్ పోతే పోనీ. నాలుగు కాళ్లు తప్ప ముందేమీ అడ్డం లేనిది చిన్నది చూసుకో. కుదరకపోతే నాది ఇక్కడ ఖాళీగా పడి ఉంది, పంపిస్తాను. ఒక సొరుగు సరిగా పడదు, అంతే.

మీ పెద్దమ్మ