కథలో చెట్టు పెట్టేముందు

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

నీ కథ, సంకలనానికి ముందుమాట రాయమన్న ఉత్తరం అందాయి. సంభాషణలు బాగా కుదిరాయి. రెండో పేజీలో మాత్రం ఒళ్ళు మండింది. 1802లో అరకు పెద్దలు సిల్వర్ ఓక్ నీడన పంచాయితీ పెట్టారా? పిల్లలు దాని కాయలు ఏరి కాల్చుకు తిన్నారా?

అప్పటికి ఆ చెట్టుకి శాస్త్రంలో పేరే లేదయ్యా! వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ బ్రౌన్ గ్రెవిల్లియా రోబస్టా అని అచ్చువేసింది 1830లో. దాని సొంతూరు ఆస్ట్రేలియా తూర్పు తీరం. దక్షిణ క్వీన్స్‌లాండ్, ఉత్తర న్యూ సౌత్ వేల్స్, లోపలికి బున్యా కొండల దాకా. అక్కడి ఏటి ఒడ్డు అడవుల్లో తనంతట తనే మొలుస్తుంది. మన మన్యంలో కాఫీకి నీడ కోసం తెచ్చి నాటారు. అసలు ఓక్‌తో దానికి చుట్టరికమే లేదు. అది ఫేగేసీ కుటుంబం, ఇది ప్రోటియేసీ కుటుంబం. మకడేమియా పప్పు కాసే చెట్టు దీని దాయాది. ఇక కాయంటావా, ఎండి పగిలే చిన్న డిప్ప, లోపల రెక్కల గింజలు. ఏం కాల్చుకు తింటారు? ఏదో అనువాద కథలోని ఓక్ కాయలు నీకు అంటుకున్నట్టున్నాయి.

పాత్రకి ఇంటిపేరు, ఊరు అడుగుతావు కదా, చెట్టుకీ అడుగు. నేను రాయడం మొదలెట్టిన రోజుల్లో ఓ వారపత్రిక సంపాదకుడు నా కథలోని ఇప్ప, మద్ది, ఉసిరి అన్నీ కొట్టేసి ‘పచ్చని చెట్లు’ అని వేశాడు. పాఠకుడికి విసుగట! నాయిక చీర అంచు మీద పేరా మాత్రం చెక్కుచెదరలేదు. ఇప్పటి ప్రకృతి కవులు ఇంకా నయం, అన్నీ ‘పేరు తెలియని పూలే’. అడిగి తెలుసుకుంటే ఎవరు కాదన్నారు?

ఒకసారి అరకు వెళ్ళు. ఏ కాలంలో వెళ్ళినా సిల్వర్ ఓక్ పచ్చగానే ఉంటుంది. నిటారు మాను, దాన్ని పట్టుకుని పైకి పాకిన మిరియం తీగ. సన్నగా చీలిన ఆకుని వెనక్కి తిప్పి చూడు, వెండి నూగు కనిపిస్తుంది. పూలు నారింజరంగు, రెమ్మకి ఒక పక్కనే వరుసగా. మొగ్గ విచ్చకముందే కీలం, అంటే పువ్వు నడుమ ఉండే సన్నని కాడ, వంగి బయటికి తోసుకొస్తుంది. ఇది నీ కంటితో చూస్తే ‘ఠీవిగా నిలిచిన వృక్షరాజం’ అనే ముక్క నువ్వే కొట్టేస్తావు.

పంచాయితీని పనస కిందికి మార్చు. సిల్వర్ ఓక్ వదలనంటే కథాకాలాన్ని కాఫీ తోటల రోజులకి జరుపు. అప్పుడు తగువు కూడా మారుతుంది: నేల ఎవరిది, నరికితే కలప డబ్బు ఎవరికి? నీ 1802 గొడవకన్నా అది గట్టి కథ. సంకలనం, ముందుమాట సంగతి తర్వాత.