వాగులో ఇసుక తోడితే మా బావి ఎండింది, పరిహారం వస్తుందా?

ప్రశ్న: మాది వర్ధన్నపేట దగ్గర ఆకేరు ఒడ్డు. వాగులో ఇసుక తోడుతున్నప్పటి నుంచి, అంటే రెండు యాసంగులుగా, నాయిన తవ్వించిన బావి ఎండుతోంది. రెండెకరాల వరి పోయింది. అడిగితే 'మీ బావికీ మా ఇసుకకూ ఏం సంబంధం' అంటున్నారు. వాగులోనే రాత్రికి రాత్రి బోరేసుకోమంటున్నారు ఊళ్లోవాళ్లు. నాయిన కాలం నుంచి ఉన్న నీటి హక్కు కోసం మున్సిఫ్ కోర్టులో వేయవచ్చా?

జవాబు: ఉత్తరం నిండా నాయిన కష్టమే రాశారు. బావిలో ఏ నెలలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో ఒక్క ముక్క లేదు. రెండేళ్లు చూస్తూ ఊరుకున్నారు, ఒక్కసారి తాడేసి కొలవలేదు!

'ఏం సంబంధం' అన్నదే రేపు అవతలి వకీలు వాదన. జవాబు మట్టాల్లో ఉంది. వాగు మట్టం ఎత్తుగా ఉంటే నీరు ఇసుకలోంచి ఒడ్డుకు ఊరుతుంది, దిగిందంటే ఒడ్డు నీరే వాగులోకి జారుతుంది. ఇసుక తోడి వాగు అడుగును దింపితే మీ ఊట ఆ గుంతల పాలవుతుంది. అయితే మన దగ్గర కింద గ్రానైటు. నీరుండేది మొరంలో, రాతి పగుళ్లలో. కాబట్టి ఒడ్డున ఉన్నంత మాత్రాన వాగు ఊట అందుతున్నట్టు కాదు, రుజువు చేయాలి. బావి నీటిమట్టాన్నీ గుంత అడుగునూ సర్వేయరుతో ఒకే గుర్తు నుంచి లెవెల్ తీయించండి. ఇసుక తీయని చోట ఎగువన ఉన్న బావులనూ కొలవండి. అవీ ఎండితే తప్పు వానదే అంటారు. భూగర్భజల శాఖ పీజోమీటరు (భూగర్భ నీటిమట్టం కొలిచే బోరు) రీడింగులు, గనుల శాఖ దగ్గర తవ్వకం అనుమతి, అందులోని లోతు షరతు సమాచార హక్కు కింద అడగండి. పంట నమోదు కాగితం తీసిపెట్టండి.

నాయిన కాలపు హక్కు మాట వదిలేయండి. నిర్దిష్ట కాలువగా పారని భూగర్భ జలంపై ఏళ్ల తరబడి వాడకంతో హక్కు రాదని 1882 ఈజ్‌మెంట్స్ చట్టం సెక్షన్ 17 చెబుతోంది. పర్యావరణ నష్టంగా అడగండి. అది మున్సిఫ్ కోర్టు పని కాదు, 2010 జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం సెక్షన్ 29 అడ్డొస్తుంది. చెన్నై బెంచికి వెళ్లాలి. పర్యావరణ వివాదం తేల్చమని కోరే సెక్షన్ 14 కింద గడువు ఆరు నెలలే, అది మీకు దాటినట్టే. పరిహారం, పునరుద్ధరణ కోరే సెక్షన్ 15కు నష్టం మొదలైన నాటి నుంచి 5 ఏళ్లు. ఇవాళ్టి నుంచి కాదు, మొదటిసారి బావి ఎండిన నెల నుంచి లెక్క. ఆ నెల ఏదో తేల్చుకోండి.

ఇక బోరు. వాగు ప్రభుత్వానిది. అనుమతి లేకుండా వేస్తే వాల్టా (నీరు, భూమి, చెట్ల చట్టం) కింద మీ మీదే కేసు. పైగా 'బావి ఎండింది ఈ బోరు వల్లే' అనడానికి మీరే సాక్ష్యం ఇచ్చినట్టు. పాత బావిని కూడా కొలతలు పూర్తయ్యేదాకా లోతు చేయించకండి.

కలెక్టరుకూ గనుల శాఖ అసిస్టెంట్ డైరెక్టరుకూ ఫిర్యాదు రాసి రశీదు తీసుకోండి. లెవెల్ పని మాత్రం వాగు పారకముందే కానివ్వండి. ఒక్క వరద వస్తే గుంతలు పూడుతాయి, కొలవడానికి ఏమీ మిగలదు.