వాపు, బలుపు, కొవ్వు

సందేహం: మా మనవడు పుట్టినప్పుడు 2.2 కిలోలే. ఇప్పుడు ఏడేళ్లు, చుట్టాలందరూ "బాగా బలిశాడు" అంటున్నారు, మా కోడలికి ఆ మాట నచ్చట్లేదు. డాక్టరు గారేమో బరువు ఎక్కువేం కాదు, కండ తక్కువ, కొవ్వు ఎక్కువ అన్నారు. బలుపు, కొవ్వు ఒకటేనా? బలిశాడు అనొచ్చా?

సమాధానం: అమ్మా, ఒకటి కాదు. బలియు అచ్చంగా మన మాట, తమిళంలో వలి, కన్నడంలో బలి దీని తోబుట్టువులే, మూడుచోట్లా అసలర్థం గట్టిపడడం, సత్తువ రావడం. గొర్రె బలిసిందంటే కాపరికి సంతోషం, అందులో తిట్టు లేదు. కొవ్వు వేరే మాట, పాతరూపం క్రొవ్వు, తమిళంలో కొళుప్పు, కన్నడంలో కొబ్బు. దీనికి మదించడం, గర్వించడం అనే అర్థం పూర్వం నుంచీ ఉంది. (క్రొవ్విరిలో ఉన్నది ఈ క్రొవ్వు కాదు, అది క్రొత్త విరి, పిల్లలకి తప్పు చెప్పకండి.) ఇప్పుడు సినిమా డైలాగుల పుణ్యమా అని బలుపుకి కూడా పొగరనే అర్థమే మిగిలింది, మంచి మాటని ఇలా పాడుచేసుకోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

మన పెద్దవాళ్ళు "వాపు చూసి బలుపు అనుకోకు" అన్నారు, మీ డాక్టరు గారు చెప్పింది అచ్చం అదే. పుణేలో యాజ్ఞిక్ గారి బృందం 2003లో అచ్చువేసిన పరిశోధన చూడండి, అక్కడి పల్లెల్లో పుట్టిన బిడ్డల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండు సౌతాంప్టన్ బిడ్డలది 3.5, కానీ ఆ తగ్గింది కండలో, పొట్టలోని అవయవాల్లో, వీపున రెక్క ఎముక కింద చర్మం మడత పట్టి కొలిస్తే కొవ్వు మాత్రం పెద్దగా తగ్గలేదు. కండలో నారలు ఎన్నో చాలావరకు కడుపులో ఉండగానే తేలిపోతుంది, అందుకే బరువుగా పుట్టినవాళ్ళకి పెద్దయ్యాక కండ కాస్త ఎక్కువుంటుంది, తేలిగ్గా పుట్టి తర్వాత గబగబా ఒళ్ళు చేసిన పిల్లల్లో కొవ్వు, ముఖ్యంగా పొట్ట దగ్గర, చేరే అవకాశం ఎక్కువ. అందరికీ ఇలాగే అవుతుందని కాదు. కాబట్టి తూకం ఒక్కటే చూస్తే తెలీదు, ఆ బరువులో ఏది ఎంతో చూడాలి.

దీనికి పేపర్ల వాళ్ళు "శరీర సంఘటన" అని రాస్తారు, సంఘటన అంటే ఈరోజు ఎవరికైనా ఏదో జరిగిందనే కదా తోచేది! "జనన బరువు" మరీ ఘోరం, సంస్కృతం పక్కన తెలుగు అంటించిన వైరి సమాసం. పుట్టుమచ్చ ఉన్న భాషలో పుట్టుబరువు అనడానికి ఏం అడ్డం? శరీర సంఘటనకి బదులు "కండ కొవ్వుల పాళ్ళు" అంటే ఇంట్లో అమ్మమ్మకి కూడా అర్థమవుతుంది, ఇంతకన్నా మంచిది ఎవరికైనా తోస్తే రాయండి, తీసుకుంటాను.

ఇక బొద్దుగా అంటే ముద్దు, ఒళ్ళు చేశాడు అంటే బరువు పెరిగాడని మాత్రమే. బలిశాడు వ్యాకరణానికి తప్పు కాదు, అయితే మీ మనవడి విషయంలో అర్థానికి సరిపోదు, ఎందుకంటే వాడికి పెరగాల్సింది ఇంకా ఆ బలుపే. కోడలు గారి ముందు మాత్రం ఒళ్ళు చేశాడనే అనండి.