నిమ్మ మొలకకు వైరస్ రాలేదు, వేరుకు గాలి ఆడడం లేదు

ప్రశ్న: బయట పెడితే కోతులు పీకేస్తున్నాయని నిమ్మ గింజలను ఇంట్లోనే చిన్న ప్లాస్టిక్ డబ్బాల్లో, చేనులోని నల్లమట్టి నింపి వేశాను. రోజూ నీళ్లు పోస్తున్నాను. నాలుగాకుల దాకా బాగానే వచ్చాయి. ఇప్పుడు లేతాకులు పసుపెక్కుతున్నాయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి. వైరస్ అనిపించి షాపులో అడిగితే మోనోక్రోటోఫాస్, ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందులు కలిపి కొట్టమన్నారు. రెండుసార్లు కొట్టినా తగ్గలేదు. ఇంకేం మందు కొట్టాలి? ఒక్కో గింజకు రెండు మూడు మొలకలు వచ్చాయి, ఉంచాలా? పక్క డబ్బాలో బత్తాయి గింజలు కూడా వేశాను.
– ఒక రైతు, పరకాల మండలం, హనుమకొండ జిల్లా

జవాబు: ఏ మందూ కొట్టకండి. ముందు ఆ మోనోక్రోటోఫాస్‌ను ఇంట్లోంచి తీసి, పిల్లలకు అందని చోట తాళం వేయండి. సీసా మీద అత్యంత విషమని చెప్పే ఎర్ర త్రిభుజం కనబడలేదా? కూరగాయల మీద వాడొద్దని 2005లోనే నిషేధించిన మందు అది. దాన్ని మీరు మనుషులు తిరిగే ఇంట్లో కొట్టారు. తలుపులు, కిటికీలు బార్లా తెరవండి. చేతులకు తొడుగులు వేసుకుని నేల, కిటికీ గట్టు సబ్బునీళ్లతో కడగండి. ఎవరికైనా వాంతులు, విపరీతమైన చెమట, నోట్లో నీరూరడం, చూపు మసకబారడం ఉంటే సీసా వెంట తీసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. మొక్కను చూడకుండానే రెండు మందులు కలిపి ఇచ్చే దుకాణదారుకు వైరస్ అయినా, నీరెక్కువైనా ఒకటే, సీసా అమ్ముడుపోవాలి. చేను విషయంలోనూ ఆయన మాటే వింటున్నారేమో చూసుకోండి.

ఇక మొక్క సంగతి. ఇది ఇనుపధాతు లోపం. సున్నం ఎక్కువున్న నల్లమట్టి, రోజూ నీళ్లు. డబ్బా అడుగున రంధ్రాలు ఉన్నాయో లేదో మీరు రాయలేదు, లేవనే నా అనుమానం. వేరుకు గాలి ఆడకపోతే మట్టిలో ఇనుము ఉన్నా మొక్క తీసుకోలేదు.

15 సెం.మీ. లోతున్న కుండీకి అడుగున నాలుగు రంధ్రాలు పెట్టి, ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుక ఒక పాలు కలిపి నింపండి. మొలకలను వేర్ల మట్టితో సహా సాయంత్రం మార్చండి. పైన అంగుళం మట్టి ఆరాకే నీళ్లు పోయాలి. మార్చిన వారానికి లీటరు నీటిలో 2 గ్రా. అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రా. నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, కలిపిన వెంటనే ఆకులు తడిసేలా బయట పిచికారీ చేయండి. 10 రోజుల తేడాతో మరోసారి. కొత్త చిగురు పచ్చగా వస్తే చాలు, మూడోసారి అక్కర్లేదు. యూరియా జోలికి ఇప్పుడు వెళ్లకండి.

నిమ్మ ఇంటి నీడలో పెరిగే మొక్క కాదు. ఉదయం ఎండలో గంటతో మొదలుపెట్టి, 10 రోజుల్లో 5, 6 గంటలకు పెంచండి. కోతులకు ఇనుప జాలీ కట్టండి.

ఒక గింజకు రెండు మూడు మొలకలు రావడం నిమ్మకు సహజం. ఎక్కువ శాతం తల్లి చెట్టు గుణాలే వస్తాయి. ఒకే తీరుగా ఉన్నవాటిలో బలమైనదాన్ని ఉంచి, గిడసబారినవి, తేడాగా ఉన్నవి తీసేయండి. పొలంలో నాటాక కాపుకు నాలుగైదేళ్లు పడుతుంది.

బత్తాయి గింజ మొక్కలతో కాలం వృథా చేసుకోవద్దు. రంగపూర్ నిమ్మ మీద అంటుకట్టిన మొక్కను నమ్మకమైన నర్సరీలో కొనండి. కొనేముందు నాటబోయే చెలక మట్టిని పరీక్ష చేయించి, సున్నం ఎంతుందో అడగండి.